జీతం పెంచారు సరే, గంటలు ఎవరు లెక్కపెడతారు?

2015 అక్టోబర్ 14న అమెరికా గొలుసు షాపుల కంపెనీ వాల్‌మార్ట్ షేరు ఒక్కరోజులో 10 శాతం పడిపోయింది. కంపెనీ విలువలో సుమారు 20 బిలియన్ డాలర్లు పోయాయి. కుంభకోణం ఏదీ బయటపడలేదు. వచ్చే ఏడాది లాభం తగ్గుతుందని కంపెనీయే ముందుగా చెప్పింది, అందుకు చూపించిన పెద్ద కారణం షాపుల్లో పనిచేసేవాళ్లకి జీతాలు పెంచడం. అదే ఏడాది ఫిబ్రవరిలో అప్పటి సీఈఓ డగ్ మెక్‌మిలన్ ఇకపై గంటకి కనీసం 9 డాలర్లు ఇస్తామని, 2016లో దాన్ని 10 చేస్తామని ప్రకటించారు. దాదాపు 5 లక్షల మందికి జీతం పెరిగింది. అప్పటికి అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. 2009 జూలైలో పెట్టిన ఆ అంకె ఆ తర్వాత కదల్లేదు.

మదుపరులు హడలిపోయారు కానీ షాపుల్లో జరిగింది వేరు. జీతాలు పెంచకముందు కస్టమర్ సర్వీసులో కంపెనీ తనకి తాను పెట్టుకున్న లక్ష్యాన్ని అందుకున్న షాపులు 16 శాతమే. 2016కి అవి 75 శాతానికి చేరాయి. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, అరల్లో సరుకు సర్ది ఉంది, అడిగితే సమాధానం చెప్పే మనిషి దొరికాడు. అమ్మకాలూ పెరిగాయి. జీతం పెంచితే వ్యాపారం మునుగుతుందనే వాదనకి ఇది మంచి జవాబే, చాలామంది ఇక్కడితో ఆపేస్తారు కూడా.

నేను ఆపను. ఎందుకంటే అదే 2015 ఆగస్టులో ఇంకో వార్త వచ్చింది. జీతాల ఖర్చు పెరిగేసరికి కొన్ని వాల్‌మార్ట్ షాపుల్లో గంటలు కోసేశారు. కొందరిని షిఫ్టు అయిపోకముందే ఇంటికి పంపించారు. గంటకి వచ్చే డబ్బు పెరిగింది, వారంలో వచ్చే గంటలు తగ్గాయి. రెండూ గుణిస్తే చేతికి ఎంతొచ్చిందన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా తేలింది. అమెజాన్ 2018 నవంబర్ నుంచి అమెరికాలో అందరికీ గంటకి 15 డాలర్లు ఇస్తామన్నప్పుడు కూడా ఇలాగే అయింది. ఆ చేత్తో 15 డాలర్లు ఇస్తూ, గంటల జీతం మీద పనిచేసేవాళ్లకి అప్పటిదాకా ఇస్తున్న షేర్లు, నెలనెలా బోనస్ ఈ చేత్తో ఎత్తేసింది. పాతకాపులు గోల చేస్తే, మీకూ ఎంతో కొంత పెరిగేలా చూస్తామని సర్దిచెప్పాల్సి వచ్చింది.

షాపు ఉద్యోగుల కనీస జీతం పెంచితే ఏమవుతుందన్న చర్చలో మనం అడిగే ప్రశ్నలు ఎప్పుడూ రెండే. ఉద్యోగాలు పోతాయా, ధరలు పెరుగుతాయా? అడగాల్సినవే. కానీ ఆ రెండింటికన్నా ముందు అడగాల్సింది గంటల గురించి. గంటలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరు రాస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అన్నది తేలనిదే పెంపు ఎవరికి అందిందో చెప్పలేం. అమెరికాలో పెంపుని గంటలు కోసి మింగుతారు. హైదరాబాద్‌లో, విజయవాడలో గంటలు సాగదీసి మింగుతారు.

ముందు అమెరికా సంగతి ముగిద్దాం. ఉద్యోగాలు పోతాయన్న భయం మీద అక్కడ 30 ఏళ్లుగా గొడవ నడుస్తోంది. 1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ తన కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ సరిహద్దుకి రెండు వైపులా 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లని పెంపుకి ముందొకసారి, తర్వాతొకసారి సర్వే చేశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. పాఠ్యపుస్తకాలు చెప్పేదానికి ఇది పూర్తి వ్యతిరేకం కాబట్టి సాటి ఆర్థికవేత్తలు చాలా ఏళ్లు వాళ్లని ఏకిపారేశారు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ 2019లోనే చనిపోయారు.

తర్వాత సియాటిల్. 2014లో ఆ నగరం దశలవారీగా 15 డాలర్లకి వెళ్లాలని చట్టం చేసింది. 2016లో 13 డాలర్లకి చేరినప్పుడు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బృందం లెక్కలు తీసింది. తక్కువ జీతం ఉద్యోగాల్లో గంటలు సుమారు 9 శాతం తగ్గాయని, మనిషికి నెలకి సగటున 125 డాలర్ల నష్టమని 2017లో చెప్పింది. ఇంకేం, పెంపు వద్దనేవాళ్లకి పండగే. అయితే ఒకటికంటే ఎక్కువ చోట్ల శాఖలున్న సంస్థలు ఆ లెక్కలో లేనే లేవు. అంటే పెద్ద గొలుసు షాపులన్నీ బయటే ఉండిపోయాయి. ఆ మరుసటి ఏడాది అదే బృందం ఇంకో అధ్యయనం చేస్తే, అప్పటికే పనిలో ఉన్న అనుభవజ్ఞులకి కొన్ని గంటలు తగ్గినా మొత్తం మీద ఆదాయం పెరిగిందని, దెబ్బ ప్రధానంగా కొత్తగా పనికి వచ్చేవాళ్ల మీద పడిందని తేలింది.

ఎవరు గెలిచారన్న దానికన్నా నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న సంగతి. సియాటిల్ మీద ఇంత నిక్కచ్చిగా గొడవపడగలిగారంటే కారణం, వాషింగ్టన్ రాష్ట్రంలో యజమానులు ఒక్కో ఉద్యోగి ఎన్ని గంటలు పనిచేశాడో మూడు నెలలకోసారి ప్రభుత్వానికి రాసిచ్చి తీరాలి. చాలా అమెరికన్ రాష్ట్రాల్లోనే ఆ పద్ధతి లేదు. గంటలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి 9 శాతం తగ్గాయని ఒకరు అనగలిగారు, కాదని ఇంకొకరు అనగలిగారు.

మన దగ్గర ఆ గొడవకి ఆస్కారమే లేదు.

అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, విజయవాడ బీసెంట్ రోడ్డు, వైజాగ్ ద్వారకానగర్. ఈ వీధుల్లో ఏ పెద్ద బట్టల షోరూముకైనా వెళ్లి కౌంటర్ దగ్గర నిలబడ్డ అమ్మాయిని డ్యూటీ ఎప్పుడని అడగండి. పొద్దున పదింటికి రావాలి, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉండాలి అంటుంది. కస్టమర్లు ఉంటే ఇంకాసేపు. షట్టర్ దించాక విప్పి పడేసిన చీరలన్నీ మడతపెట్టి అరల్లో పెట్టాలి, స్టాకు చూడాలి, బయటికి వెళ్లేటప్పుడు బ్యాగు తనిఖీకి వరుసలో నిలబడాలి. మధ్యలో తిండికి అరగంట. వీక్లీ ఆఫ్ ఉంటుందంటారు. శ్రావణమాసం, దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం ఉండదు. ఇవన్నీ తీసేస్తే మిగిలే నెలలు ఎన్నో మీరే చూసుకోండి.

చట్టంలో ఏముంది? షాపుల చట్టం 1988 నాటిది, విడిపోయాక రెండు రాష్ట్రాలూ దాన్నే ఉంచుకున్నాయి. రోజుకి 8 గంటలు, వారానికి 48 అని అందులో రాసుంది. 2025లో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ రోజు గంటల మీద కొన్ని సడలింపులు తెచ్చాయి. తెలంగాణ అయితే ఆ ఏడాది జూలైలో వాణిజ్య సంస్థలకి రోజుకి 10 గంటల దాకా వెసులుబాటు ఇస్తూ, షాపులకి అది వర్తించదని అదే ఉత్తర్వులో చెప్పింది. ఎన్ని సడలించినా వారానికి 48 గంటల గీత చెరగలేదు. అది దాటితే ఓవర్‌టైమ్, ఓవర్‌టైమ్‌కి మామూలు రేటుకి రెట్టింపు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. అంకెలు గుండ్రంగా ఉండడానికి ఒక సేల్స్ గర్ల్‌కి నెలకి 13,000 అనుకుందాం, అదే చట్టబద్ధమైన కనీస వేతనం అని కూడా అనుకుందాం. నెలకి 26 పనిదినాలు, రోజుకి 8 గంటలు, మొత్తం 208 గంటలు. గంటకి 62 రూపాయల 50 పైసలు. ఆమె నిజంగా నిలబడేది తిండి టైం పోను రోజుకి 11 గంటలు, నెలకి 28 రోజులు. అంటే 308 గంటలు. 13,000ని 308తో భాగిస్తే గంటకి 42 రూపాయలు. జీతం రిజిస్టర్ చూస్తే యజమాని కనీస వేతనం అణా పైసలతో ఇచ్చినట్టే ఉంటుంది. పైన చేసిన 100 గంటలకి రెట్టింపు రేటు, అంటే 125 చొప్పున కడితే ఇంకో 12,500 రావాలి. ఆమెకి రావాల్సిన జీతం 25,500. దాదాపు సగం ఎగ్గొట్టినా పుస్తకాల్లో తప్పు కనబడదు.

ఇప్పుడు ప్రభుత్వం కనీస వేతనాన్ని ఏకంగా 20 శాతం పెంచిందనుకోండి. పేపర్లలో హెడ్డింగులు, మంత్రిగారి ఫొటోకి పాలాభిషేకం. ఆమె జీతం 15,600 అవుతుంది. గంటలు అవే 308. గంటకి పడేది 50 రూపాయల 65 పైసలు. పెంపుకి ముందు చట్టం ఇవ్వమన్న 62.50కి ఇంకా 12 రూపాయల దూరంలోనే ఉంది. జీతం పెంచి మాత్రమే ఆ రేటుకి చేర్చాలంటే నెలకి 19,250 ఇవ్వాలి, అంటే 48 శాతం పెంచాలి. గంటలని 208కి దించితే ఒక్క రూపాయి పెంచకుండానే అక్కడికి చేరుతుంది.

కార్మిక సంఘాలు నా మీద విరుచుకుపడతాయని తెలుసు. పెంపు అక్కర్లేదని నేననడం లేదు. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి కొలతలు పెట్టింది. సంపాదించే మనిషితో కలిపి మూడు వినియోగ యూనిట్ల (అంటే ముగ్గురు పెద్దవాళ్ల అవసరాలకి సమానమైన) కుటుంబానికి ఒక్కో యూనిట్‌కి రోజుకి 2,700 కేలరీల తిండి, ఏడాదికి కుటుంబం మొత్తానికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు, దీపం. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం లాంటివాటికి ఇంకో 25 శాతం కలపమంది. ఈ కొలతలతో లెక్కేసి చూస్తే షాపు జీతాలు ఎక్కడున్నాయో చెప్పనక్కర్లేదు. జీతాలు పెరగాలి. గంటలు లెక్కలో లేనంతకాలం మాత్రం, ప్రతి పెంపునీ రోజుకి ఇంకో అరగంట నిలబెట్టి, ఒక ఆఫ్ ఎగరగొట్టి, ఇద్దరి పని ఒకరికి అప్పగించి వెనక్కి లాక్కోవచ్చు. నోటిఫికేషన్ ఇచ్చిన అధికారికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

గంటలు లెక్కపెట్టడం అంత కష్టమా అంటే, షాపుల్లో ఇప్పటికే లెక్కపెడుతున్నారు. వేలిముద్రో, ముఖమో చూసే అటెండెన్స్ మిషన్ ఈ రోజుల్లో ఓ మోస్తరు షోరూములన్నిట్లో ఉంది. పదీ పదికి పంచ్ పడితే లేటు. మూడు లేట్లకి హాఫ్ డే కట్ చేసే షాపులున్నాయి. ఆ మిషనే రాత్రి తొమ్మిదీ యాభైకి బయటికి వెళ్లిన పంచ్ కూడా రాసుకుంటుంది. పొద్దుటి పంచ్ మీద జీతం కోస్తారు, రాత్రి పంచ్ వైపు చూడరు. సమాచారం యజమాని దగ్గర నిమిషాలతో సహా ఉంది, వాడుకునేది ఒక్క వైపే.

బ్యాగు తనిఖీ వరుసలో గడిచే టైం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. ఇదే విషయం మీద కాలిఫోర్నియాలో యాపిల్ స్టోర్ల ఉద్యోగులు కోర్టుకెళ్లారు. డ్యూటీ అయిపోయాక తనిఖీ కోసం ఆగే నిమిషాలకి కూడా జీతం కట్టాల్సిందేనని 2020 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. చివరికి సుమారు 3 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. బ్రిటన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. షిఫ్టుకి ముందు మీటింగులకి, తర్వాత తనిఖీలకి పట్టే టైంని లెక్కలోకి తీసుకుంటే చాలామందికి కనీస వేతనం కూడా పడలేదని 2017లో ఆర్గోస్ గొలుసు షాపుల విషయంలో తేలింది. పాత, కొత్త ఉద్యోగులు వేలమందికి బకాయిలు చెల్లించాల్సి వచ్చింది. మన షోరూముల్లో పోయే గంటల ముందు ఆ నిమిషాలు ఏపాటి?

గంటలు నిజంగా చట్ట ప్రకారం నడిపితే షాపు యజమానికి ఏమవుతుందో కూడా న్యాయంగా చూడాలి. 30 మంది పనిచేసే షోరూములో నెలకి 308 గంటల చొప్పున మొత్తం 9,240 గంటల పని జరుగుతోంది. మనిషికి 208 గంటలే అంటే అదే పనికి 44 మంది కావాలి. 14 కొత్త ఉద్యోగాలు. కనీస వేతనం అమలు చేస్తే ఉద్యోగాలు పోతాయని భయపెట్టేవాళ్లు ఈ వైపు లెక్క ఎప్పుడూ చెయ్యరు. అయితే జీతాల ఖర్చు 3 లక్షల 90 వేల నుంచి దాదాపు 5 లక్షల 75 వేలకి పోతుంది. అమ్మకాల్లో జీతాల వాటా 8 శాతం అనుకుంటే, మొత్తం భారాన్ని ధర మీదే వేసినా వెయ్యి రూపాయల చీర 1,038 అవుతుంది. ఆషాఢంలో అదే చీర మీద ఐదొందలు తగ్గిస్తున్నామని బోర్డు పెట్టే షాపుకి ఈ 38 రూపాయలు పెద్ద విషయమా అని నవ్వొస్తుంది. కానీ నికర లాభం 5 శాతమే మిగిలే వ్యాపారికి ధర పెంచకుండా భరించాలంటే లాభంలో మూడొంతులు పైగా ఊడిపోయినట్టే. అందుకే ఏ ఒక్క షాపూ తనంతట తాను చెయ్యదు. పక్క షాపు వెయ్యికే అమ్ముతుంటే 1,038కి ఎవరు కొంటారు? వీధి మొత్తానికి ఒకేసారి వర్తిస్తేనే పని జరుగుతుంది. దానికే చట్టం ఉన్నది.

నాకు కట్టే స్తోమత లేదు అన్న వాదనని సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసింది. బొటాబొటి వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకి నడిచే హక్కు లేదని 1958లో క్రౌన్ అల్యూమినియం కేసులో చెప్పింది. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇంకో అడుగు ముందుకేసి, కనీస వేతనంకన్నా తక్కువకి పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందన్నారు. నలభై ఏళ్లు దాటింది. ఆ తీర్పుని షోరూము కౌంటర్ దాకా తెచ్చినవాళ్లు కనబడరు.

పెద్ద పెంపు చేస్తే యజమానులు ఊరుకోరన్నది కూడా నిజమే. ఢిల్లీ ప్రభుత్వం 2017 మార్చిలో నైపుణ్యం లేని కార్మికుల వేతనాన్ని 9,724 నుంచి 13,350కి పెంచింది. వ్యాపార సంఘాలు హైకోర్టుకి వెళ్లాయి, 2018 ఆగస్టులో కోర్టు ఆ నోటిఫికేషన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు జోక్యంతో మళ్లీ లెక్కలు కట్టి 2019 అక్టోబర్‌లో 14,842 చేశారు. రెండున్నరేళ్ల కోర్టు గొడవ తర్వాత అంకె పెరిగి బయటికొచ్చింది. ఈలోపు జీతం బ్యాంకులో వేసి, తేడా సొమ్ము నగదుగా వెనక్కి తీసుకునే పద్ధతి కూడా కొన్నిచోట్ల నడిచింది. గంటలు దొంగిలించడం అంతకన్నా సులువు. అందులో బ్యాంకు ఎంట్రీ కూడా ఉండదు.

ఇంత తక్కువకి ఎందుకు నిలబడతారు, పక్క షాపుకి పోవచ్చు కదా అంటారు చదువుకున్నవాళ్లు. పోవడానికి వీల్లేకుండా చేసే ఏర్పాట్లు చాలా ఉన్నాయి. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకి షాపువాళ్లే హాస్టల్ పెడతారు. ఉద్యోగం మానేస్తే ఆ రాత్రికే ఉండడానికి చోటుండదు. మొదటి నెల జీతం, లేదా సగం నెలది, డిపాజిట్‌లా ఆపి ఉంచుకుంటారు. ఇంట్లో పెళ్లికో, ఆసుపత్రికో అడ్వాన్స్ తీసుకుంటే అది తీరేదాకా కదలకూడదు. వీధిలో నాలుగు షాపులున్నా నలుగురూ ఇంచుమించు ఒకటే జీతం ఇస్తారు. కార్డ్, క్రూగర్ లెక్కకి ఆర్థికవేత్తలు తర్వాత చెప్పిన వివరణల్లో ముఖ్యమైనది ఇదే. పనివాడికి బేరమాడే శక్తి లేని మార్కెట్లో జీతం నిజమైన విలువకన్నా కిందే ఆగిపోయి ఉంటుంది, చట్టం దాన్ని కాస్త పైకి లాగినా ఉద్యోగాలు పోవు.

బేరమాడే శక్తి విషయంలో ఒక ఊహించని మార్పు వచ్చింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడడం లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నెలకి వెయ్యి, పన్నెండొందలు చార్జీలకి పెట్టే సేల్స్ గర్ల్‌కి అది నేరుగా జీతం పెరిగినట్టే. యజమాని జేబులోంచి ఒక్క పైసా పోలేదు. అంతకన్నా ముఖ్యం, చార్జీలకి భయపడి ఇంటి పక్క షాపులోనే ఉండిపోయిన అమ్మాయి ఇప్పుడు పది కిలోమీటర్ల అవతల వెయ్యి ఎక్కువిచ్చే షాపుకి వెళ్లగలదు. హాస్టల్ మీద ఆధారపడక్కర్లేదు. అయితే రాత్రి పదింటికి డ్యూటీ దిగితే ఆ ఉచిత బస్సు దొరకదు, షేర్ ఆటోకి డబ్బులివ్వాలి. ఇక్కడ కూడా గంటలే అడ్డం పడ్డాయి.

కేరళ అమ్మాయిలు జీతంకన్నా ముందు కుర్చీ అడిగారు. కోజికోడ్ మిఠాయి వీధిలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు రోజంతా నిలబడలేక, బాత్రూముకి వెళ్లే వీలు లేక సంఘం పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి పోరాడితే 2018లో కేరళ షాపుల చట్టానికి సవరణ వచ్చింది, పనిలో కూర్చునే ఏర్పాటు తప్పనిసరి అయింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. మన రెండు రాష్ట్రాల్లో ఆ మాట ఎత్తినవాళ్లు తక్కువ. మనం మాత్రం కొత్త షోరూము ఓపెనింగుకి ఏ హీరోయిన్ వస్తోందో చూడడానికి ట్రాఫిక్ ఆపుకుని నిలబడతాం.

గంటలు చట్టంలో గట్టిగా ఉంటే పెంపు ఎలా పనిచేస్తుందో చూడాలంటే బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లల్నే చూడండి. చదువు జరిగే వారాల్లో వాళ్లు వారానికి 20 గంటలు మించి పనిచెయ్యకూడదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లకి కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు అయింది. ఆ రేటుకి సూపర్ మార్కెట్లో 20 గంటలు చేస్తే 244 పౌండ్లు, పే స్లిప్‌లో గంటలతో సహా ఉంటుంది. పెంపు వచ్చిన వారమే చేతికి తెలుస్తుంది. అదే పిల్లవాడు మూలమీద చిన్న షాపులో క్యాష్ ఇన్ హ్యాండ్ పనికి కుదిరితే రేటు సగానికి పడిపోవచ్చు. అడగడానికి నోరుండదు, ఎందుకంటే ఆ గంటలు ఎక్కడా లేవు. ఆ చిన్న షాపు యజమాని చాలాసార్లు మనవాడే అయ్యుంటాడు. దాని గురించి ఇంకోసారి.

గంటలు క్రమంగా ఉంటే షాపుకే లాభమని చూపించిన ప్రయోగం కూడా ఉంది. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో గ్యాప్ బట్టల షాపుల్లో పరిశోధకులు కొన్నిచోట్ల షిఫ్టులని ముందే ఖాయం చేసి, చివరి నిమిషం మార్పులు తగ్గించారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఆ షాపుల్లో అమ్మకాలు 7 శాతం పెరిగాయి. అలిసిపోయిన మనిషి పదకొండో గంటలో చీర ఎలా చూపిస్తుందో, మొదటి గంటలో ఎలా చూపిస్తుందో కొనడానికి వెళ్లిన ఎవరికైనా తెలుసు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, 2025 నవంబర్ 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వచ్చిన ఈ కోడ్‌లో జాబితాలో ఉన్న వృత్తులకే కనీస వేతనం అన్న పాత పద్ధతి పోయింది, అందరికీ వర్తిస్తుంది. కేంద్రం ఒక కనీస మట్టం నిర్ణయిస్తే ఏ రాష్ట్రమూ అంతకన్నా తక్కువ పెట్టకూడదు. మానేసినవాళ్ల లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి, కాబట్టి ఆపి ఉంచిన మొదటి నెల జీతం కథ చట్టప్రకారం ముగిసినట్టే. ఓవర్‌టైమ్ రెట్టింపు అలాగే ఉంది. తక్కువిస్తే జరిమానా 50,000 దాకా, ఐదేళ్లలో మళ్లీ దొరికితే మూడు నెలల జైలు కూడా పడొచ్చు. మంచిదే. కానీ ఇన్‌స్పెక్టర్ పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్‌గా (తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చే అధికారిగా) మారింది, జీతం తక్కువివ్వడం కాక రిజిస్టర్ల లాంటి మిగతా తప్పులకైతే మొదటిసారి సరిదిద్దుకునే అవకాశం ఇచ్చాకే కేసు. ఉన్న కొద్దిమంది అధికారులు రిజిస్టర్ చూసి, 13,000 ఇచ్చారు కదా అని సంతకం పెట్టి వెళ్లిపోతే ఏ కోడ్ వచ్చినా ఒకటే.

రెండు రాష్ట్రాల కార్మిక శాఖలకి నేను చెప్పేది ఒక్కటే. వేతనం అంకె ఎంతన్న దాని మీద కమిటీలు కూర్చోనివ్వండి. ఈలోపు నిబంధనల్లో ఒక్క వాక్యం రాయండి: అటెండెన్స్ మిషన్ ఉన్న ప్రతి షాపులో ఆ మిషన్ లెక్కే పనిగంటల రిజిస్టర్, రావడానికీ పోవడానికీ రెండిటికీ. పే స్లిప్ మీద నెలలో చేసిన గంటలు అచ్చవ్వాలి. పే స్లిప్ ఫోనుకి రావాలి, తెలుగులో. కొత్త యంత్రం కొనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది.

అప్పుడు మిషన్లు పీకేసి మళ్లీ పుస్తకంలో సంతకాలు పెట్టిస్తారు కదా అని ఒక లేబర్ లాయర్ మిత్రుడు అన్నాడు. పీకేస్తే పీకెయ్యనివ్వండి. వేతనాల కోడ్ 59వ సెక్షన్ ప్రకారం జీతం బకాయి ఉందని ఉద్యోగి క్లెయిమ్ వేస్తే, కట్టేశానని రుజువు చేసుకోవాల్సింది యజమాని. క్లెయిమ్ వెయ్యడానికి మూడేళ్ల గడువుంది. నిన్నటిదాకా పది నిమిషాల లేటుకి కోత వేసిన మిషన్ ఈ రోజు ఎందుకు మాయమైందో అధికారి ముందు ఆయనే చెప్పుకోవాలి.